తప్పు జవాబు దగ్గర ఆగగలరా?

రెండో తరగతి పిల్లను నూట అయిదు రాయమంటే పలక మీద 1005 అని రాసింది. చూడగానే మీకు ఏమనిపించింది? "తప్పు, చెరిపి మళ్లీ రాయి" అనాలనిపించిందా, "ఇలా ఎందుకు రాసి ఉంటుంది?" అని ఒక్క క్షణం ఆగాలనిపించిందా?

ఆ పిల్ల అశ్రద్ధగా రాయలేదు. నూరు అంటే 100 అని తనకు తెలుసు. అయిదు అంటే 5 అనీ తెలుసు. చెవికి వినపడిన వరుసలోనే రెంటినీ పక్కపక్కన పెట్టింది. తన లెక్క ప్రకారం తను రాసింది సరైనదే. చెరిపించి 105 అని చూపిస్తే చూసి రాస్తుంది, రేపు మూడు వందల ఏడు అనగానే మళ్లీ 3007 రాస్తుంది. వంద పుల్లల కట్ట ఒకటి, విడి పుల్లలు అయిదు ముందు పెట్టి "పదుల కట్టలు ఎన్ని ఉన్నాయమ్మా?" అని అడగండి. "ఒక్కటీ లేదు టీచర్" అంటుంది. ఆ "లేదు"నే మధ్యలో సున్నాగా రాస్తామని చెప్పాల్సిన సమయం అదే. అంతకు ముందు చెప్పినా ఉపయోగం లేదు.

టీచర్ కావాలన్న కోరిక మీలో ఎంత గట్టిదో తేల్చేది, నా దృష్టిలో, ఆ ఒక్క క్షణం ఆగడమే. పిల్లలంటే ప్రేమ చాలామందికి ఉంటుంది. సబ్జెక్టు మీద పట్టు కొందరికి ఉంటుంది. తప్పు వెనక ఉన్న ఆలోచన ఏమిటో తెలుసుకోవాలన్న కుతూహలం ఇంకా తక్కువమందికి ఉంటుంది. అది ఉంటే బోర్డు మీద రాయడం, గొంతు కాపాడుకోవడం, అల్లరి క్లాసును దారికి తేవడం వంటివన్నీ నేర్చుకోవచ్చు. అది లేకపోతే ముప్ఫై ఏళ్ల సర్వీసు మీకూ భారమే, మీ ముందు కూర్చున్న పిల్లలకూ భారమే.

మిమ్మల్ని లాగుతున్నది ఏది?

ఒక కాగితం తీసుకుని టీచర్ ఎందుకు కావాలనుకుంటున్నారో రాయండి. ఎవరికీ చూపించనక్కర్లేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయండి. గవర్నమెంటు ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం, వేసవి సెలవులు, ఊరికి దగ్గర్లో పోస్టింగ్, పెళ్లి సంబంధాల్లో గౌరవం, చిన్నప్పుడు పాఠం చెప్పిన ఒక మాస్టారి మీద అభిమానం... ఇవన్నీ వస్తాయి. వీటిలో సిగ్గుపడాల్సింది ఏదీ లేదు. కూలికి వెళ్లే తల్లిదండ్రులు చదివించిన పిల్లలకు స్థిరమైన ఉద్యోగం కావాలనుకోవడం చాలా న్యాయమైన కోరిక. టీచర్ నియామక పరీక్ష డీఎస్సీ కోచింగ్‌కి పేరుపడిన అవనిగడ్డలో హాస్టల్ గదుల్లో ఉండి చదివే వాళ్లలో ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చినవారు ఎందరో ఉంటారు.

అయితే ఆ కాగితం మీద ఉన్నవన్నీ ఉద్యోగం గురించేనా, పని గురించి కూడా ఏమైనా ఉందా అని చూడండి. ఉద్యోగం నెలకొకసారి ఖాతాలో కనపడుతుంది. పని మాత్రం రోజూ ఉదయం తొమ్మిదింటికి ఎదురవుతుంది. పని గురించి ఒక్క వాక్యం కూడా లేకపోతే తొందరపడి కోర్సులో చేరకండి, ఈ అధ్యాయంలో చెప్పబోయే నెల రోజుల ప్రయత్నం చేశాక నిర్ణయించుకోండి.

ఉద్యోగం సంగతి కూడా అంకెలతో తెలుసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత నియామకాలు పూర్తయిన డీఎస్సీ 2025లో వచ్చిన మెగా డీఎస్సీయే. పోస్టులు 16,347. అభ్యర్థులు మూడు లక్షలకు పైగా. అంటే సుమారుగా ఇరవై మందికి ఒక పోస్టు. తెలంగాణలో 2017లో టీఆర్‌టీ పేరుతో జరిగిన నియామక పరీక్ష తర్వాత 2024లో 11,062 పోస్టులతో డీఎస్సీ జరిగింది, అందులో 6,508 ప్రాథమిక తరగతులకు చెప్పే ఎస్జీటీ పోస్టులే. రెండు రాష్ట్రాల్లోనూ మధ్యలో ఏళ్లకేళ్లు ఖాళీగా గడిచాయి. ఇరవై రెండేళ్లకు బీఈడీ పూర్తిచేసిన అమ్మాయికి ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా పెద్ద నోటిఫికేషన్ రాకపోవచ్చు. ఆ ఏడేళ్లు ఏం చేస్తారన్నది ముందే ఆలోచించుకోవాలి.

నెల రోజులు, ఒకే ఒక్క పిల్లవాడు

బోధన మీద ఆసక్తి ఉందో లేదో కూర్చుని ఆలోచిస్తే తేలదు. పాఠం చెప్పి చూడాలి. అందుకు బడి అక్కర్లేదు, డిగ్రీ అక్కర్లేదు. మీ వీధిలో, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇంట్లో, దగ్గర్లో ఉన్న సంక్షేమ హాస్టల్లో చదువులో వెనకబడిన పిల్లవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. హాస్టల్ అయితే వార్డెన్‌ను, బడి అయితే హెడ్మాస్టర్ను కలిసి అనుమతి తీసుకోండి. పిల్లల భద్రత కోసం ఆ అనుమతి ఉండి తీరాలి. ఇంటి దగ్గరైతే తల్లో తండ్రో చూస్తుండగా అరుగు మీదే కూర్చోండి.

ఎంపికలో ఒక జాగ్రత్త. సొంత తమ్ముడినీ చెల్లెలినీ తీసుకోకండి. వాళ్ల దగ్గర మీకున్న చనువు, కోపం బోధనను కప్పేస్తాయి. క్లాసులో ఫస్టు వచ్చే పిల్లవాడినీ తీసుకోకండి. వాడు ఎవరు చెప్పినా నేర్చుకుంటాడు, మీకు మీ గురించి ఏమీ తెలియనివ్వడు. నాలుగో తరగతికి వచ్చినా తీసివేతల దగ్గర తడబడే పిల్లవాడు కావాలి. రోజుకు ముప్పావుగంట చాలు.

మొదటి వారం ఏమీ నేర్పకండి. లెక్కలు ఇవ్వండి, చేశాక "ఎలా చేశావు నాన్నా, నాకు చెప్పు" అని అడగండి. 52లోంచి 27 తీసెయ్యమంటే 35 అన్నాడనుకోండి. అడిగితే "ఏడులోంచి రెండు తీస్తే అయిదు, అయిదులోంచి రెండు తీస్తే మూడు" అంటాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలని మొదటి తరగతిలో విన్న మాటను వాడు నమ్మకంగా పాటిస్తున్నాడు. ఏడో తరగతి పిల్లనైతే సగానికి మూడోవంతు కలపమనండి. పైవి పైవి, కిందివి కిందివి కలిపి అయిదింట రెండు అంటుంది. సగం రొట్టెకు ఇంకొంచెం కలిపితే సగం కన్నా తక్కువ ఎలా అయిందని అడగండి. ఆ అమ్మాయి ముఖం మారుతుంది. 0.5 పెద్దదా 0.35 పెద్దదా అని అడిగి చూడండి. 35 పెద్దది కాబట్టి 0.35 అనే పిల్లలు చాలామంది కనపడతారు.

ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ఎడమ పేజీలో పిల్లవాడి తప్పు, కుడి పేజీలో వాడు చెప్పిన కారణం వాడి మాటల్లోనే రాసుకోండి. మీరు చెప్పిన పాఠం అందులో రాయనవసరం లేదు. నెల చివర ఆ నోట్‌బుక్ మొదటి నుంచి చదవండి. ఎడమ పేజీలు నిండి కుడి పేజీలు ఖాళీగా ఉంటే మీరు తప్పులు లెక్కపెట్టారని అర్థం. కుడి పేజీలు నిండి, ఇంకా అడగాలనిపించి, రాత్రి పడుకున్నాక కూడా "వాడికి ఇంకోలా చెప్పి చూస్తే?" అనిపించి ఉంటే బోధన మీద మీ ఆసక్తి నిజమైనదేనని నిశ్చింతగా నమ్మవచ్చు.

ఇక్కడ మనస్తత్వవేత్త పియాజే సంగతి చెప్పాలి. టీచర్ అర్హత పరీక్ష టెట్ మొదటి పేపరులో 150 మార్కులకు 30 శిశు వికాసం, బోధన నుంచే వస్తాయి. ఆ 30 కోసం లక్షల మంది పియాజే దశలను బట్టీ పడతారు. ఆయనకు ఆ దారి ఎలా దొరికిందో మాత్రం చాలామంది చదవరు. 1920 ప్రాంతంలో పారిస్‌లో పిల్లల తెలివిని కొలిచే ప్రశ్నలు పరీక్షించే పని ఆయనకు అప్పగించారు. ఆయన చేయాల్సింది ఒప్పులు లెక్కపెట్టడం. కానీ ఒకే వయసు పిల్లలు ఒకే రకంగా తప్పులు చేస్తుండటం చూసి, ఆ తప్పుల వెనక ఏముందో అడగడం మొదలుపెట్టాడు. మీరు బట్టీ పట్టే దశలన్నీ ఆ అడగడం నుంచే పుట్టాయి. కాబట్టి పుస్తకం మూసి, పక్కింటి అయిదేళ్ల పాపను పిలిచి, ఒకే కొలత నీళ్లు రెండు ఒకేలాంటి గ్లాసుల్లో పోసి చూపించండి. తర్వాత ఒక గ్లాసు నీళ్లను సన్నటి పొడుగు గ్లాసులోకి వంచి "ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయి?" అని అడగండి. పొడుగు గ్లాసు చూపిస్తే "ఎందుకు?" అని అడగండి. ఆ పాప చెప్పే కారణం మీకు పరీక్షలోనూ గుర్తుంటుంది, క్లాసులోనూ గుర్తుంటుంది.

ఒక్కరి నుంచి నలభై మందికి

ఒక్క పిల్లవాడితో కుదిరింది కదా అని క్లాసు కుదురుతుందనుకోవద్దు. నలభై మంది ముందు నిలబడినప్పుడు కొత్త టీచర్‌ను తప్పుదారి పట్టించే మాట ఒకటుంది, "అర్థమైందా?" అడగ్గానే క్లాసంతా ఒక్క గొంతుతో "అర్థమైంది సార్!" అంటుంది. మన బడుల్లో పిల్లలు ఒకటో తరగతి నుంచే నేర్చుకునే జవాబు అది. దాన్ని నమ్మి ముందుకు వెళ్లినవారు యూనిట్ టెస్టు పేపర్లు దిద్దేటప్పుడు పిల్లలను కోప్పడతారు. దానికి బదులు ఒక చిన్న లెక్కో, ఒక ప్రశ్నో ఇచ్చి అందరినీ రఫ్ నోట్సులో రాయమని, బెంచీల మధ్య నడుస్తూ చూడండి. రెండు నిమిషాల్లో ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలుస్తుంది. నాలుగు రకాల తప్పులు కనపడితే ఎవరి పేరూ చెప్పకుండా వాటిని బోర్డు మీద రాసి "ఇలా చేసినవాళ్లు ఏమనుకుని చేసి ఉంటారు?" అని క్లాసునే అడగండి. తప్పు చేస్తే పరువు పోదని తెలిసిన క్లాసులో పిల్లలు నోరు తెరుస్తారు.

మొదటి వారంలోనే అందరి పేర్లు నేర్చుకోండి. వెనక బెంచీ పిల్లలతో మొదలుపెట్టండి, ముందు బెంచీ వాళ్ల పేర్లు వాటంతటవే వస్తాయి. చెయ్యి చేసుకోవద్దు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, దెబ్బకు భయపడిన పిల్లవాడు తన ఆలోచన మీకు చెప్పడు. అది చెప్పకపోతే మీ చేతిలో పనిముట్టే లేనట్టు.

బడి లోపల

సినిమాల్లో చూపించే బడికీ మీకు వచ్చే పోస్టింగుకూ దూరం ఉంటుంది. 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకైనా ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. అయినా ఏకోపాధ్యాయ పాఠశాలలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అక్కడ అయిదు తరగతులూ ఒకే గదిలో, ఒకే టీచర్ ముందు కూర్చుంటాయి. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ అయిదో తరగతికి భిన్నాలు చెప్పాలి. మధ్యాహ్న భోజనం చూసుకోవాలి, యాప్‌లో హాజరు వెయ్యాలి, ఫొటోలు ఎక్కించాలి, మండలం నుంచి అడిగిన వివరాలు సాయంత్రంలోగా పంపాలి. ఎన్నికలు, జనాభా లెక్కలు, విపత్తు సహాయం పనులకు టీచర్లను వాడుకోవచ్చని అదే చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. ఇవన్నీ పోగా మిగిలిన సమయంలో పాఠం. ఆ కొద్ది సమయం మీద మీకు తీరని ఆశ ఉండాలి.

ప్రైవేటు బడుల్లో ఇబ్బంది వేరు. 2020లో లాక్‌డౌన్‌తో బడులు మూతపడినప్పుడు జీతాలు ఆగిపోయి ఎందరో టీచర్లు కూలి పనులకు వెళ్లారు, కూరగాయలమ్మారు. 2021 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించాల్సి వచ్చింది. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ప్రైవేటు బడిలో చేరేవాళ్లు ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా దాచుకోవడం మంచిదన్న జాగ్రత్త మనకు అక్కడి నుంచే వచ్చింది.

దారులు

చిన్న పిల్లలకు చెప్పాలనుంటే ఇంటర్మీడియెట్ తర్వాత డీసెట్ రాసి రెండేళ్ల డీఎడ్ చెయ్యండి. హైస్కూల్లో ఒక సబ్జెక్టు చెప్పాలనుంటే డిగ్రీ తర్వాత ఎడ్‌సెట్, రెండేళ్ల బీఈడీ. ఈ రెంటినీ కలిపి చూడొద్దు. బీఈడీ చేసినవారు ప్రాథమిక తరగతులకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎస్జీటీ కావాలంటే డీఎడ్ వంటి ప్రాథమిక బోధన కోర్సు ఉండాల్సిందే. ఇంటర్ కాగానే నిర్ణయం తీసుకోగలిగినవారికి నాలుగేళ్ల సమీకృత కోర్సు కూడా ఉంది. డిగ్రీ, బీఈడీ కలిసే ఈ ఐటెప్ కోర్సును 2023లో మొదలుపెట్టిన సంస్థల్లో వరంగల్ ఎన్‌ఐటీ ఒకటి. నా మాట అడిగితే, పద్దెనిమిదేళ్లకే మనసు స్థిరపడినవారికి ఇదే మంచి దారి. ఒక ఏడాది కలిసొస్తుంది, సబ్జెక్టూ బోధనా ఒకదానితో ఒకటి ముడిపడి వస్తాయి.

టెట్‌లో ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ ఎస్టీలకు 60 మార్కులు వస్తే అర్హత. అక్కడితో సరిపెట్టుకోకండి. టెట్ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది. 2021 నుంచి టెట్ జీవితకాలం చెల్లుతుంది.

బీఈడీ గురించి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ఫీజు కట్టి పరీక్షలకు మాత్రం వెళ్లే "నాన్ అటెండెన్స్" బీఈడీ చెయ్యకండి. టీచర్ కోర్సులను నియంత్రించే ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం రెండేళ్లలో 20 వారాలు బడిలో గడపాలి. ఆ 20 వారాలే ఆ కోర్సుకు ప్రాణం. సీనియర్ల లెసన్ ప్లాన్ రికార్డులు చూసి రాసేసి, టీచింగ్ ప్రాక్టీసుకు సంతకాలు పెట్టించుకుని బయటపడిన వాళ్లు సర్టిఫికెట్‌తో వస్తారు. మొదటి రోజు నలభై మంది ముందు నిలబడినప్పుడు వాళ్ల దగ్గర ఇంకేమీ ఉండదు. ఆ వారాల్లో మీకు దొరికే గైడ్ టీచర్ మంచివారైతే వారి క్లాసులో వెనక కూర్చుని చూడండి. ఎక్కడ ఆగుతున్నారు, ఎవరిని అడుగుతున్నారు, తప్పు జవాబు రాగానే వారి ముఖం ఎలా ఉంటోంది. ఇవి ఏ మెథడాలజీ పుస్తకంలోనూ దొరకవు.

కోర్సుకు ముందే పూర్తికాలం బోధించి చూడాలనుకునే డిగ్రీ పట్టభద్రులకు టీచ్ ఫర్ ఇండియా వారి రెండేళ్ల ఫెలోషిప్ హైదరాబాద్‌లో ఉంది.

ఇంట్లో వాళ్లతో

"ఇంజనీరింగ్ చదివించింది ఇందుకేనా నాన్నా?" అన్న ప్రశ్న చాలా ఇళ్లలో వినపడుతుంది. ఆదర్శాలు చెబితే తండ్రి మనసు కుదుటపడదు. కోర్సుకు ఎంతవుతుంది, ఎన్నేళ్లు పడుతుంది, ఆ మధ్యకాలంలో నా ఖర్చు నేను ఎలా వెళ్లదీసుకుంటాను అన్న మూడింటికి అంకెలతో జవాబు తయారుగా పెట్టుకోండి. ఇంజనీరింగ్ చేసినవారికీ ఎడ్‌సెట్ రాసే వీలుంది. మార్కుల శాతం, ఏ మెథడాలజీ వస్తుందన్నది ఆ ఏటి నోటిఫికేషన్లో చూసుకోండి. మీ నోట్‌బుక్ కూడా నాన్నగారి చేతికివ్వండి. నెల రోజులు ఒక పిల్లవాడి కోసం కూర్చున్న కొడుకును ఆ పేజీల్లో చూస్తే ఆయనే నెమ్మదిస్తారు.

అమ్మాయిలకు ఎదురయ్యేది ఇంకోటి. "ఆడపిల్లకు టీచర్ ఉద్యోగం చక్కగా ఉంటుంది, సాయంత్రానికి ఇంటికొచ్చెయ్యొచ్చు" అంటారు. ఆ మాటతోనే ఈ వృత్తిలోకి వచ్చి, ఇష్టంగా పనిచేస్తున్నవారు ఉన్నారు. లెక్కలంటే ప్రాణమైన అమ్మాయిని ఇంటి పనికి వీలవుతుందని మాత్రమే ఇటు నెడితే అది అన్యాయం. మీకు పరిశోధన కావాలంటే పరిశోధన వైపే వెళ్లండి. బోధన కావాలంటే అది మీ కోరికగా రండి.

పిల్లవాడి భాష

1880లో పర్లాకిమిడి బడిలో పంతులుగా చేరిన గిడుగు రామమూర్తి ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల మాట వినేవారు. ఆ భాష తనకు రాదు, తన భాష వాళ్లకు రాదు. ఆయన సవర భాష నేర్చుకున్నారు. ఆ పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాశారు, బడులు పెట్టి నడిపించారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం మనందరికీ తెలుసు. ఒక బడిపంతులు పిల్లల వైపు వేసిన ఈ అడుగు దానికంటే తక్కువదేమీ కాదని నేననుకుంటాను.

ఏజెన్సీలో పోస్టింగ్ వస్తే ఇది మీకు రోజూ అక్కరకొస్తుంది. ఇంట్లో కోయ, గోండి, సవర మాట్లాడే పిల్లలు ఒకటో తరగతిలో తెలుగు వాచకం ముందు మౌనంగా కూర్చుంటారు. ఆ మౌనాన్ని మందబుద్ధి అనుకున్న టీచర్ వాళ్లను అక్కడే పోగొట్టుకుంటారు. మొదటి నెలలో ఆ ఊరివాళ్ల దగ్గర యాభై మాటలు నేర్చుకోండి. నీళ్లు, ఆకలి, రా, కూర్చో, నొప్పి, అమ్మ ఎక్కడ, ఇలాంటివి. మీరు తప్పుగా పలికినప్పుడు పిల్లలు నవ్వి దిద్దుతారు. దిద్దనివ్వండి.

నోటిఫికేషన్ రాని ఏళ్లు

ఒక డీఎస్సీలో రెండు మార్కులతో పోయి, తర్వాతిది ఎప్పుడో తెలియక, కోచింగ్ గదిలోనే కూర్చుండిపోయే వాళ్లను చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. బిట్లు చదువుతూ ఏళ్లు గడిచాక పిల్లవాడితో మాట్లాడే అలవాటే పోతుంది. ఉదయం ఒక బడిలో పాఠం చెప్పి, సాయంత్రం మూడు గంటలు చదువుకోండి. రెండూ ఒకదానికొకటి సాయపడతాయి. దానితో పాటు ఎంత వయసు దాకా ప్రయత్నిస్తారో, ఆ తర్వాత ఏ పనికి వెళతారో కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఆ బడిని ఎంచుకునేటప్పుడు డెమో క్లాసు అయ్యాక ఊరికే తలూపి రావద్దు. రోజుకు ఎన్ని పీరియడ్లు, ఏ తరగతులు, అపాయింట్‌మెంట్ ఆర్డరు రాసి ఇస్తారా, పీఎఫ్ ఉందా, జీతం పన్నెండు నెలలకా పది నెలలకా అని అడగండి. వేసవి జీతం ఎగ్గొట్టే బడులు చాలా ఉన్నాయి కాబట్టి ఈ చివరి ప్రశ్న మొహమాటం లేకుండా అడగాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామంటే ఒప్పుకోవద్దు, జిరాక్సులు ఇవ్వండి. పిల్లలు వాడుకునే లైబ్రరీ ఉందో లేదో కళ్లతో చూసి రండి. వారానికి ఒక పీరియడు సీనియర్ టీచర్ క్లాసులో కూర్చోవచ్చా అని హెడ్మాస్టర్ను అడగండి. సరే అన్న బడిలో జీతం వెయ్యి రూపాయలు తక్కువైనా, మొదటి ఏడాదికి అక్కడే చేరండి.